బాబాసాహెబ్ చూసిన కూలి లెక్క

ఏప్రిల్ 14 రాంగనే మా చౌరస్తాల బొమ్మకు కొత్తగ నీలి రంగు వేస్తరు. దండలు పడతయి, డీజే వస్తది, పోరగాళ్లు స్టేటస్‌లు పెడతరు. బొమ్మ చేతిల రాజ్యాంగం, ముందటికి చాపిన వేలు. మా ఈడోళ్లకు అంబేద్కర్ అంటే యాదికొచ్చేది రాజ్యాంగం, రిజర్వేషన్, గంతే. ఆయన అసలు చదివింది అర్థశాస్త్రమని, నాలుగేండ్లు ఈ దేశానికి కార్మిక శాఖ నడిపిండని, ఆడమనిషి కూలికి మగమనిషి కూలికి తేడా ఎందుకుండాలె అనే పంచాయితీల చెయ్యి పెట్టిండని చానమందికి తెల్వదు. నాకు కూడ బడిల ఎవ్వరూ చెప్పలే.

నేనెందుకు ఆ దిక్కు చూసిన్నో చెప్త. డిగ్రీ అయినంక రెండు సీజన్లు ఒక జిన్నింగ్ మిల్లుల లెక్కలు రాసిన. కూలి రిజిస్టరు నా చేతిలనే ఉండేది. మగోళ్ల పేర్లు ఒక పేజీల, ఆడోళ్ల పేర్లు ఇంకో పేజీల. గంటలు ఒక్కటే, ముక్కులకు పోయే దుమ్ము ఒక్కటే, కూలి మాత్రం వేరు. శనివారం పైసలు పంచేటప్పుడు ఒక్కొక్కళ్లనే లోపలికి పిలిచి చేతిల పెట్టి పంపాలె. ఒకరికి వచ్చింది ఇంకొకరికి తెల్వకుండ చూసుకోవాలె, నాకిచ్చిన మొదటి హుకుం అదే. కూలిల తేడా ఉండుడు ఒక ముచ్చట. దాన్ని ఇంత జాగ్రత్తగ దాచుడు ఇంకో ముచ్చట. దాచకుంటే అది నెల కూడ నడవదని సేటుకు బాగ తెలుసు.

ఆ కండ్లతోటి బాబాసాహెబ్ జీవితం చదివితే బొమ్మల కనిపియ్యని మనిషి కనిపించిండు. ఆయన కథ నేను అట్లనే చెప్త, కూలి దిక్కు నుంచి.

1891 ఏప్రిల్ 14న మౌ అనే మిలిటరీ కంటోన్మెంటుల పుట్టిండు. నాయిన రాంజీ సక్పాల్ పటాలంల సుబేదారు. ఇంట్ల పద్నాలుగో సంతానం. ఐదారేండ్లకే తల్లి భీమాబాయి చనిపోయింది, మేనత్త సాదింది. నాయిన రిటైరైనంక కాపురం సతారాల. ఆ టైంల బొంబాయి రాష్ట్రంల కరువు. మనుషులు వేలల్ల సచ్చిపోతున్నరు. కొరెగావ్ కాడ సర్కారు కరువు పని కింద చెరువు తవ్విస్తున్నది, మన ఉపాధి హామీ అసొంటిదే అనుకోండ్రి. రాంజీకి అక్కడ క్యాషియర్ నౌకరి దొరికింది. కరువు కూలీల పని కాడ పైసల లెక్క చూసే మనిషి కొడుకు అంబేద్కర్. ఈ సంగతి ఎవ్వరూ పెద్దగ పట్టించుకోరు.

1901 ఎండకాలం సెలవులల్ల అన్నతోటి, అక్క కొడుకులతోటి నాయిన కాడికి బయలెల్లిండు. మసూర్ స్టేషన్ల దిగిండ్రు. మంచి బట్టలు, నెత్తికి టోపీలు. స్టేషన్ మాస్టర్ బామన పిల్లలనుకున్నడు. మహర్లమని చెప్పంగనే మొఖం మారింది. బయట ఎడ్లబండ్లు మస్తుగున్నయి, ఒక్కడు ఎక్కించుకుంట లేడు. ఆఖరికి ఒకడు ఒప్పుకున్నడు. కిరాయి రెండింతలు ఇయ్యాలె, బండి పిల్లలే తోలుకోవాలె, తను పక్కపొంటి నడుస్తడు.

ఆ రాత్రి వాళ్లకు తొవ్వల మంచినీళ్లు పుట్టలే. ఈ కథ చెప్పేటోళ్లు అందరు ఆ దూప కాడ ఆగుతరు. ఆగాలె కూడ. నాకు మాత్రం కిరాయి కాడ మనసు ఆగుతది. అదే తొవ్వ, అవే ఎడ్లు, అంతే దూరం. రేటు మాత్రం అడిగే మనిషి ఎవరో చూసి మారింది. పైంగ బండి తోలే పని కూడ కిరాయి ఇచ్చినోళ్ల మీదనే పడ్డది. పనికి రేటు పనిని బట్టి కాదు, మనిషి పుట్టుకను బట్టి కడతరని పదేండ్ల పోరడు ఆ దినం లెక్కతోటి సహా నేర్చుకున్నడు. ఆ తర్వాత పెద్దగైనంక దీన్ని ఆయనే రాసుకున్నడు.

చదువు సంగతి అందరికీ తెలిసిందే, జల్దిగ చెప్పి పోత. బొంబాయిల ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు, 1907ల మెట్రిక్, 1912ల బీఏ. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద 1913ల అమెరికాల కొలంబియా యూనివర్సిటీ. అక్కడి నుంచి 1916ల లండన్. అర్థశాస్త్రంల రెండు దేశాల డాక్టరేట్లు, పైనుంచి బారిస్టరు. ఈ చదువుకు ఇంటికాడ కట్టిన ధర వేరే ఉన్నది. భార్య రమాబాయి చేతిల పైస లేకుండ బొంబాయి ఒంటి గది ఇంట్ల సంసారం ఈదింది. ఐదుగురు పిల్లలు పుడితే యశ్వంత్ ఒక్కడే దక్కిండు. ఇంటి పనికి కూలి కట్టే పద్ధతి ఏ దేశంల కూడ లేకపాయె, ఉంటే ఆ డాక్టరేట్లల్ల సగం వాటా ఆమెది.

1923ల అచ్చైన ఆయన పుస్తకం రూపాయి సమస్య మీద. పేరు చూసి భయపడకుండ్రి. అందుల ఒక వాదన కూలోడికి సంబంధించిందే. రూపాయి విలువ పడితే సరుకుల ధరలు ఎగుస్తయి, కూలి మాత్రం అంత స్పీడుగ ఎక్కదు. ఎనుకబడి నడుస్తది. ఆ మధ్యల మిగిలేది యజమాని జేబులకు పోతది. అంటే చేతిల పడే నోట్లు అన్నే ఉన్నా కూలి తగ్గినట్టే. పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు మారకం రేటు గురించి కొట్లాడుతుంటే ఈయన దృష్టి కూలి మీద పడ్డది.

బరోడాల నౌకరికి పోతే బంట్రోతులు ఫైళ్లు టేబుల్ మీదికి విసిరిండ్రు, ఉన్న సత్రం నుంచి కట్టెలు పట్టుకొని వచ్చి ఎల్లగొట్టిండ్రు. సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్ అయితే తోటి ప్రొఫెసర్లు కొందరు మంచినీళ్ల కుండ కాడ గులిగిండ్రు. జీతం అందరితో సమానమే, నీళ్లే సమానం కాదు. 1927ల మహాడ్ చెరువు నీళ్లు తాగుడు వరకు ఆ కథ నడిచింది, అది మీకు తెలుసు.

1928 కాడ కొంచెం ఆగుదాం. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాక బొంబాయి బట్టల మిల్లులు బంద్. లక్షన్నరమంది దాక సమ్మెల ఉన్నరు. ఎర్రజెండా యూనియన్ పెద్దలు డిమాండ్ల జాబితా తయారు చేసిండ్రు. అంబేద్కర్ వాళ్లను ఒక ప్రశ్న అడిగిండు. మిల్లుల అన్నిటికంటె మంచి కూలి దొరికే ఖాతా నేత ఖాతా. అందుల ఒక్క అంటరాని కులం మనిషి కూడ ఎందుకు లేడు?

దీనికి కారణం చెప్తే ఇప్పటి పోరగాళ్లు నమ్మరు. మగ్గం నాడెల కొత్త కండె పెట్టినప్పుడు దారం కొసను నోటితోటి పీల్చి బయటికి గుంజాలె. ఎంగిలి తగులుతది. అంటరానోడు పీల్చిన నాడె మేం ముట్టమని మిగతా కులాల కార్మికులు అడ్డం పడ్డరు. అందుకే దళిత కార్మికులను నేత ఖాతాలకు రానియ్యలే, తక్కువ కూలి వచ్చే వడికే ఖాతాలల్లనే ఉంచిండ్రు. యజమాని రాసిన రూల్ కాదిది, తోటి కూలోడు పెట్టిన రూల్. యజమానికి కూడ ఫాయిదనే ఆయె, నోరు మూసుకొని ఊకున్నడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది, జర ఓపికతోటి చదువుండ్రి. ఆ మిల్లుల ఎవరన్న పోయి సమాన పనికి సమాన కూలి ఉన్నదా అని అడిగితే, ఉన్నదనే చెప్తరు. వడికేటోళ్లందరికి ఒక్క రేటు, నేసేటోళ్లందరికి ఒక్క రేటు. లెక్కల తప్పు దొరకదు. మోసమంతా ఎవరిని ఏ ఖాతాలకు రానిస్తున్నరు అన్నకాడ ఉన్నది. ఆడోళ్ల సంగతి కూడ అదే మిల్లుల అట్లనే ఉండె. వాళ్లను దారం చుట్టే ఖాతాలల్ల పెట్టిండ్రు, ఎంత చుడితే అంత కూలి. మగ్గాల కాడ ఆడమనిషి కనపడదు.

అంబేద్కర్ యూనియన్ పెద్దలకు తెగేసి చెప్పిండు. నేత ఖాతా దళిత కార్మికులకు తెరవాలనే మాట డిమాండ్లల్ల లేకుంటే మా మనుషులకు సమ్మెల ఉండమని చెప్పలేనన్నడు. మనసొప్పకున్నా కలుపుకున్నరు. నా ఇష్టం ఏందంటే, ఇప్పుడు జీతాల తేడాల మీద మాట్లాడే ప్రతి ఒక్కరికి ఈ నాడె కథ ఒకసారి చెప్పాలె.

అదే ఏడు బొంబాయి శాసన మండలిల ప్రసూతి బిల్లు వచ్చింది. ఫ్యాక్టరీల పనిచేసే ఆడోళ్లకు కాన్పుకు ముందు, తర్వాత పైసలతోటి సెలవు. యజమానుల దిక్కు సభ్యులు ఈ భారం మా మీదెందుకని లొల్లి చేసిండ్రు. అంబేద్కర్ బిల్లు దిక్కు నిలబడ్డడు. తల్లికి విశ్రాంతి దొరకుడు దేశం మొత్తానికి మేలు, అందుకే సర్కారు కూడ భారం మోయాలె, ఆమె పనితోటి లాభపడేటోడు యజమాని కాబట్టి ఆయన కూడ తప్పించుకోలేడు అన్నడు. మరుసటేడు బొంబాయిల చట్టం అయ్యింది.

1935ల రమాబాయి చనిపోయింది. 1936ల ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టిండు. పేర్లనే లేబర్ ఉన్నది సూడుండ్రి, కులం పేరు లేదు. 1938 నవంబర్ 7న సమ్మె హక్కును కోసే బిల్లు మీద బొంబాయిల ఒక్కరోజు సమ్మె చేయించిండు. పదేండ్ల కింద తను నిలదీసిన కమ్యూనిస్టులతోటే ఈసారి ఒకే స్టేజి ఎక్కిండు.

1942 జులైల వైస్రాయ్ కౌన్సిల్‌ల లేబర్ మెంబర్ అయిండు, అంటే ఇప్పటి లెక్కల కేంద్ర కార్మిక మంత్రి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. రైళ్లకు, కార్ఖానాలకు బొగ్గు కావాలె. గనుల కూలీలేమో మిలిటరీ పనులల్ల ఎక్కువ కూలి దొరుకుతదని అటు పోయిండ్రు. ఆడోళ్లను భూమి లోపలి గనుల పనికి తీసుకోవద్దని యుద్ధానికి ముందే నిషేధం ఉన్నది, అంతర్జాతీయ ఒప్పందం మీద 1938ల మన దేశం ఒప్పుకున్నది కూడ. 1943ల ఆ నిషేధాన్ని సర్కారు ఎత్తేసింది. ఆ శాఖ అంబేద్కర్‌దే.

ఇది ఆయన జీవితంల సాఫుగ లేని జాగ. అభిమానులు దీన్ని దాటేసి పోతరు, నేను దాటను. ఆల్ ఇండియా విమెన్స్ కాన్ఫరెన్స్ ఆడోళ్లు గట్టిగ ఎదురు తిరిగిండ్రు. చీకట్ల, బురదల, పొగల, పాణానికి భరోసా లేనికాడ ఆడోళ్లను దింపుతరా అని. 1943 ఆఖరుకు అంబేద్కర్ ధన్‌బాద్ దిక్కు బొగ్గు గనులకు పోయిండు, గని లోపలికి దిగి చూసిండు. 1944 ఫిబ్రవరిల ఢిల్లీ అసెంబ్లీల జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇది యుద్ధం కోసం తాత్కాలికమని, కప్పు మరీ కిందికున్న సొరంగాలల్లకు ఆడోళ్లను పంపమని చెప్పిండు. దాంతోటి ఇంకో ముచ్చట కూడ చెప్పిండు. లోపల పనిచేసే ఆడమనిషికి మగమనిషికి ఇచ్చినంతే ఇయ్యాలని షరతు పెట్టినమని, ఆడ మగ తేడా లేకుండ ఒకే పనికి ఒకే కూలి అనే సూత్రం ఈ దేశంల ఒక పరిశ్రమల నిలబడుడు బహుశా ఇదే మొదటిసారని.

ఎట్లున్నదో చూడుండ్రి. సమాన కూలి మొదలు మన ఆడోళ్లకు దొరికింది మంచి జాగల కాదు. ఎవరూ పోనంటున్న బొగ్గు బొందల, సర్కారుకు గరజు పడ్డప్పుడు. షరతు మంచిదే, దింపుడు మాత్రం మంచిది కాదని నాకనిపిస్తది. ఆయనకు కూడ అది పర్మనెంట్ చేయాలని లేకుండె. 1946 ఫిబ్రవరి నుంచి నిషేధం మల్ల పెట్టిండ్రు. అయితే ఆ షరతు వల్ల ఒక మాట రుజువైంది. ఆడోళ్లకు సమానంగ ఇస్తే పరిశ్రమ మునుగుతదని చెప్పుడు ఒట్టి మాట. యుద్ధం మధ్యల కూడ మునగలే.

ఇగ ఆ నాలుగేండ్లల్ల జరిగిన ఇంకో రెండు మూడు పనులున్నయి. చూసేటందుకు సప్పగ ఉంటయి గని నా దృష్టిల పెద్దవి. 1944ల కార్మిక శాఖ రేగే అధ్యక్షతన ఒక విచారణ కమిటీ వేసింది. దేశమంతా తిరిగి ఏ పరిశ్రమల ఎవరికి ఎంత కూలి, ఎంతమంది, ఎసొంటి ఇండ్లల్ల ఉంటున్నరో లెక్క తీయాలె. అంతకుముందు మాట్లాడేటోళ్లు మస్తుమంది, చేతిల లెక్క ఉన్నోళ్లు తక్కువ. 1946 ఏప్రిల్‌ల కనీస వేతనాల బిల్లు అసెంబ్లీల పెట్టిండు, అది 1948ల చట్టమైంది. అదే ఏప్రిల్‌ల స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది.

ఈ ఆఖరుదాని పేరు ఐటీఐ చదివిన తమ్ముళ్లు వినే ఉంటరు. వందమంది, అంతకంటె ఎక్కువమంది ఉన్న కార్ఖానాల పని షరతులు యజమాని నోటి మాట మీద నడవొద్దు, రాసి పెట్టాలె అని ఆ చట్టం చెప్పింది. పని గంటలు, జీతం ఇచ్చే రోజు, కూలి రేట్లు కార్మికులకు ఎట్ల తెలియజేస్తరో కూడ అందుల ఉండాలన్నది. రాసింది బీరువాల పెడితే కుదరదన్నది. గేటు కాడ, బోర్డు మీద, అక్కడ పనిచేసే ఎక్కువమందికి సమజయ్యే భాషల అంటించాలన్నది. యజమాని తన లోపలి సంగతులను గేటు మీద అంటించాలనే ఆలోచన కొత్త ఫారిన్ ఫ్యాషన్ అనేటోళ్లకు నేను ఈ చట్టం పేరు చెప్త. 1946ది, అంబేద్కర్ శాఖది.

ఆ బోర్డు మీద ఒక్క లైన్ మాత్రం లేదు. ఆడోళ్లకు సగటున ఎంత, మగోళ్లకు సగటున ఎంత. ఆ లైన్ ఇప్పటికీ లేదు.

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైండు. మన రాజ్యాంగంల 39వ అధికరణం ఆడ మగ ఇద్దరికి సమాన పనికి సమాన వేతనం అని చెప్తది. అయితే అది ఆదేశిక సూత్రాల భాగంల ఉన్నది. 37వ అధికరణం ప్రకారం ఆ సూత్రాలను పట్టుకొని సక్కగ కోర్టుకు పోలేం, సర్కారు మాత్రం వాటిని మనసుల పెట్టుకొని చట్టాలు చేయాలె. సమాన కూలి గోడ మీద దేవుని పటం లెక్క అయ్యింది, మొక్కుడే గని అడిగితే పలకదు. ఆడోళ్లకు ఆస్తిల వాటా, విడాకుల హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లును ఆపేసిండ్రని 1951ల మంత్రి పదవికి రాజీనామా చేసిండు. ఆడోళ్ల హక్కు ముచ్చట మీద కుర్సీ వదిలిపెట్టిన మంత్రులు ఈ దేశంల ఎంతమంది ఉన్నరో ఏళ్ల మీద లెక్క పెట్టుకోండ్రి. 1953ల మన ఉస్మానియా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబర్‌ల నాగపూర్‌ల బౌద్ధం తీసుకున్నడు, డిసెంబర్ 6న ఢిల్లీల కన్నుమూసిండు.

మనిషి పోయినంక ఆ ఒక్క వాక్యం ఎట్ల నడిచిందో చెప్తె గని ఈ కథ పూర్తికాదు. 1958ల సమాన వేతనం మీద అంతర్జాతీయ ఒప్పందానికి మన దేశం ఒప్పుకున్నది. అయినా తేయాకు తోటలల్ల సర్కారు లెక్కల్లనే ఆడోళ్ల రేటు వేరేగ, తక్కువగ రాసుకుంట వచ్చిండ్రు. సమాన వేతన చట్టం వచ్చేసరికి 1976 అయ్యింది. రాజ్యాంగం అమలైన 26 ఏండ్లకు. ఆ చట్టంల ఒక సెక్షన్ ఉండె. ఎంతమంది ఆడోళ్లు, ఎంతమంది మగోళ్లు, ఎవరికి ఎంత జీతం అని యజమాని రిజిస్టర్ పెట్టాలన్నది. చూసిండ్రా, అంటే లెక్క ఉండె. ఆ లెక్క చూసే హక్కు లేబర్ ఇన్‌స్పెక్టర్‌కు ఉండె. ఎవరి జీతం గురించైతే రాసిండ్రో ఆ ఆడమనిషి కంటికి మాత్రం అది పడాలనే రూల్ లేకుండె.

ఆడ్రీ డికోస్టా అని బొంబాయిల ఒక స్టెనోగ్రాఫర్. మెకిన్నన్ మెకెంజీ అనే ఓడల కంపెనీల పనిచేసింది. మగ స్టెనోల కంటె తనకు తక్కువ ఇచ్చిండ్రని కేసు పెట్టింది. లేడీ స్టెనోలది వేరే కేటగిరీ, యూనియన్‌తోటి ఒప్పందం కూడ ఉన్నది అన్నది కంపెనీ. మల్ల నాడె కథనే. వేరే ఖాతాల పెట్టు, వేరే రేటు కట్టు. 1987ల సుప్రీంకోర్టు ఈ వాదన కొట్టేసింది. మా కాడ అంత పైస లేదని చెప్పి సమాన జీతం ఎగ్గొట్టుడు కుదరదని కూడ చెప్పింది. డికోస్టా గెలిచింది. అయితే ఆమె ఆఫీసుల పనిచేసిన మనిషి, పక్క టేబుల్ మగ స్టెనోకు ఎంత వస్తదో తెలుసుకోగలిగింది. తెల్వకుంటే కేసే లేదు.

బయటి దేశాలు ఈ తాళం తీసే పనిల పడ్డయి. బ్రిటన్ల 2017 నుంచి 250 మంది, ఆ పైన ఉన్న ప్రతి సంస్థ ఏటా ఆడ మగ జీతాల తేడా బయట పెట్టాలె. ఒక్క సగటు చెప్పి తప్పించుకోనియ్యరు. జీతాలను పైనుంచి కిందికి నాలుగు మెట్లు చేసి, ఒక్కో మెట్టు మీద ఆడోళ్లు ఎందరు, మగోళ్లు ఎందరని కూడ చెప్పాలె. నేత ఖాతాల ఎవరున్నరు, చుట్టే ఖాతాల ఎవరున్నరు అని అంబేద్కర్ అడిగిన ప్రశ్న ఇదే. ఐస్‌లాండ్‌ల 2018 నుంచి సమానంగ ఇస్తున్నమని కంపెనీనే రుజువు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. యూరోపియన్ యూనియన్ 2023ల చేసిన చట్టంల ఇంకొకటి ఉన్నది. నా అసొంటి పని చేసే ఆడోళ్లకు మగోళ్లకు సగటున ఎంతిస్తున్నరని అడిగే హక్కు పనిచేసే మనిషికే ఇచ్చిండ్రు. జీతం ఎవరికీ చెప్పొద్దని సంతకం పెట్టించుకునుడు కూడ కుదరదు.

మన దేశంల షేర్ మార్కెట్‌ల ఉన్న పెద్ద వెయ్యి కంపెనీలు ఏటా ఇచ్చే రిపోర్టుల ఆడ మగ జీతాల లెక్క చెప్పాలని సెబీ రూల్ పెట్టింది. మంచిదే. షేర్లు కొనేటోడికి తెలియాలని పెట్టింది, పనిచేసేటోళ్లకు తెలియాలని కాదు. మన ఊరి కాడి రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, ఇటుక బట్టి, బట్టల షోరూం, ప్రైవేటు బడి, ఇవేవీ ఆ వెయ్యిల రావు.

2019ల పార్లమెంటు పాస్ చేసిన వేతనాల కోడ్ పాత సమాన వేతన చట్టాన్ని తనల కలుపుకున్నది. అందుల యజమాని నోటీస్ బోర్డు మీద కేటగిరీల వారీగ కూలి రేట్లు పెట్టాలని ఉన్నది. కేటగిరీ అంటే హెల్పర్, ఆపరేటర్, ప్యాకింగ్ అని. హెల్పర్ల పేరు కింద అందరు ఆడోళ్లే ఉంటే, ఆపరేటర్ల పేరు కింద అందరు మగోళ్లే ఉంటే బోర్డు చూసినోడికి ఏం సమజైతది? 1928ల నాడె పట్టుకున్న చేతులు ఎవరివో బోర్డు చెప్పదు. ప్రతి కేటగిరీ పక్కన ఆడ ఎందరు, మగ ఎందరు, ఒక్కొక్కరికి సగటున ఎంత అని మూడు గీతలు గీయాలె. కంప్యూటర్ కూడ అవసరం లేదు, లెక్కలు రాసే పోరనికి అరగంట పని. రాసినోడిగ చెప్తున్న.

పేర్లు బయట పడితే జీతాలు చూసి ఇండ్లల్ల, ఊర్లల్ల కొట్లాటలైతయి అంటరు. పేర్లు ఎవరడిగిండ్రు, సగటు అడుగుతున్నం. మగోళ్లది బరువు పని, ఆడోళ్లది అల్కటి పని అంటరు. బరువు పనికి ఎక్కువ ఇయ్యొద్దని చట్టం చెప్పలే. ఒకే తీరు నేర్పు, ఒకే తీరు కష్టం, ఒకే తీరు బాధ్యత ఉన్న పనికి తేడా చూపొద్దన్నది. నాటు పొలంల పొద్దంత నడుము వంచుడు అల్కటి పని ఎట్లైందో ముందుగాల లెక్క బయట పెట్టినంక కూసొని మాట్లాడుదాం.

లెక్క బయట పెడితే ఊర్లు కూలిపోవని మనం చూసినం కూడ. ఉపాధి హామీల ఆడ మగ తేడా లేకుండ ఒకే రేటు పెట్టిండ్రు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగినయి. ఊరు నడిమిట్ల టెంటు వేసి, మస్టర్ చదివి, ఎవరి పేరు మీద ఎన్ని దినాలు, ఎంత కూలి అని మైకుల చెప్పిండ్రు. చదువురాని ముసలవ్వ లేచి ఆ దినాలు నేను పనికే పోలే, నా పేరు ఎట్ల రాసిండ్రని అడిగిన ఊర్లు ఎన్నో ఉన్నయి. సర్కారు పనిల మైకుల చదవగలిగిన లెక్కను సేటు పనిల మూడు గీతలల్ల ఎందుకు రాయలేరు?

ఇగ మన ఊర్ల పత్తి చేన్ల సంగతి. వేతనాల కోడ్‌ల రిజిస్టరు, నోటీసు, జీతం చీటీ అన్నీ ఉన్నయి. అందులనే 50వ సెక్షన్ల నాలుగో ఉపవాక్యం కింద ఒక మినహాయింపు ఉన్నది. వ్యవసాయానికో ఇంటి పనికో ఐదుగురికి మించకుండ పెట్టుకునే యజమానికి ఆ రూల్స్ వర్తించవు. ఇద్దరు కూలీలను పిలుచుకునే చిన్న రైతు మీద రిజిస్టర్ల భారం పడొద్దని పెట్టిండ్రనుకుందాం, నేను కూడ ఒప్పుకుంట, మా నాయిన కూడ అసొంటి రైతే. అయితే ఈ దేశంల ఎక్కువమంది ఆడోళ్లు పనిచేసేది వ్యవసాయంలనే. చిన్న రైతును వదిలిపెట్టండ్రి, ముఠా కట్టి ముప్పైమంది ఆడోళ్లను ఆటోలల్ల తోలే మేస్త్రీ ఉన్నడు, సీజన్‌కు వందల మందితోటి విత్తన పత్తి క్రాసింగ్ చేయించే కంపెనీ ఆర్గనైజర్ ఉన్నడు. వాళ్లను చిన్న రైతు నీడల దాక్కోనియ్యొద్దు. కోడ్ కింద రూల్స్ రాసే అధికారం రాష్ట్రాలకు కూడ ఉన్నది. మేస్త్రీ, ఆర్గనైజర్ పంచే కూలిని ఆడ మగ వేరు వేరుగ గ్రామ పంచాయతీ బోర్డు మీద రాయాలని మన రాష్ట్రం రూల్ పెట్టాలె. ఈసారి ఏప్రిల్ 14కు బొమ్మ కాడికి వచ్చే ఎమ్మెల్యేకు దండతోటి పాటు ఇచ్చే అర్జీల రాయాల్సింది ఇదే.